తెహాను దగ్గర ఆగిపోయాను, ఎర్త్‌సీ నవలలు ఇంకా ముందుకు చదవాలంటారా?

గాలిపటం:

ఉర్సులా కె. లె గ్విన్ ఎర్త్‌సీ నవలలు చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మొదటి మూడూ వరసగా చదివేశాను. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ మొదట్లో నెమ్మదిగా నడిచింది గానీ, రోక్ దీవిలో మంత్రవిద్య నేర్చుకుంటున్న గెడ్ తోటివాడితో పంతానికి పోయి ఎప్పుడో చనిపోయిన ఒకావిడ ఆత్మను పిలవడం, ఆ చీలికలోంచి ఒక నీడ బయటపడి వాడి ముఖం చీరెయ్యడం వచ్చాక ఇక పక్కన పెట్టలేకపోయాను. రెండోది ‘ది టూంబ్స్ ఆఫ్ ఆటువాన్’ అన్నిటికంటే బాగా నచ్చింది. దీపం వెలిగించడమే మహాపాపమైన ఆ నేలమాళిగల్లో గోడలు తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ తిరిగే టెనార్‌ను మరిచిపోవడం కష్టం. మూడోది ‘ది ఫార్దెస్ట్ షోర్’ బరువుగా ఉంది, మధ్యలో పడవ ప్రయాణం సాగదీసినట్టు కూడా అనిపించింది, అయినా చివరి వంద పేజీలు గుక్క తిప్పుకోకుండా చదివాను.

తర్వాత ‘తెహాను’ మొదలుపెట్టాను, మూడో వంతు అయ్యేసరికి ఆగిపోయాను. డ్రాగన్లతో వాటి భాషలోనే మాట్లాడిన గెడ్ శక్తంతా పోయి, రాజుగారి మనుషులు తన కోసం వస్తున్నారంటే వాళ్ళకి ముఖం చూపించలేక కొండమీదికి పోయి మేకలు కాసుకుంటున్నాడు. టెనార్ ఏమో ఒక రైతును పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచి, భర్త పోయి, నడివయసులో వంటా తోటా చూసుకుంటోంది. మంత్రాలు లేవు, సముద్రం లేదు. పైగా నిప్పుల్లో కాలిపోయిన చిన్నపిల్ల థెర్రు కథ చదువుతుంటే గుండె పిండేసినట్టు ఉంది. అదే రచయిత్రి రాసిందా ఇది అనిపించింది. అసలు మొదటి మూడు పుస్తకాలు కట్టినదంతా ఇందులో కూల్చేసిందేమో అని కోపం కూడా వచ్చింది. ముందుకు వెళ్తే ఫలితం ఉంటుందా? లేక మూడింటితో ఆపేసి మంచి జ్ఞాపకంగా ఉంచుకోమంటారా? కథ బయటపడిపోతుందని సంకోచించకండి, ఒక్క తెహాను ముగింపు మాత్రం చెప్పకండి.

నల్లసిరా:

ఆపకండి. మీ కోపం నాకు అర్థమవుతుంది, తెహాను మీద ఆ కోపం చాలామంది పాఠకులకు వచ్చింది, పుస్తకం వచ్చిన రోజుల్నుంచీ ఉంది. కానీ ఆవిడ అది కావాలనే రాసింది.

సంవత్సరాలు చూడండి. మొదటిది 1968, రెండోది 1971, మూడోది 1972. నాలుగోది 1990. మధ్యలో 18 ఏళ్ళు! మొదటి మూడూ రాసేటప్పుడు ఆవిడ ముందున్నది వీరుల కథల సంప్రదాయం, అందులో మగవాడు బయల్దేరతాడు, కష్టపడతాడు, గెలుస్తాడు. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఆవిడే ఈ సంగతి విడమర్చి చెప్పింది, మగవాళ్ళు ఏర్పరచిన ఆ దారిలోనే తానూ నడిచానని, దాన్ని మళ్ళీ కొత్తగా చూడాల్సి వచ్చిందని. తెహాను పుట్టింది అక్కడినుంచే.

ఇప్పుడు మొదటి పుస్తకం మళ్ళీ తిరగేయండి. ఆడవాళ్ళ మంత్రం బలహీనమైనది, చెడ్డది అని గాంట్ దీవిలో జనం అనుకునే సామెత మొదటి అధ్యాయంలోనే ఉంటుంది. రోక్ విద్యాలయంలో ఆడపిల్లల్ని చేర్చుకోరు. గెడ్‌కి మొట్టమొదట మంత్రం నేర్పింది వాళ్ళ పెద్దమ్మ, ఆ ఊరి మంత్రగత్తె, కానీ ఆవిడ విద్యను కథ చిన్నచూపే చూస్తుంది. రెండో పుస్తకంలో అంత పెద్ద పాత్ర అయిన టెనార్, మూడో పుస్తకంలో కనిపించనే కనిపించదు. చదివేటప్పుడు మనం ఇవన్నీ దాటుకుంటూ పోతాం. తెహానులో ఆవిడ వాటిని ఒక్కొక్కటీ తీసి, ఆ లోకంలో ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతుంది. కూల్చడం కాదండి ఇది, అదే ఇంటిని వంటగది వైపు నుంచి చూపించడం.

మీరు ఆగిన చోటు తర్వాత ఒక విషయం వస్తుంది. రోక్ పెద్దలు కొత్త ఆర్చ్‌మేజ్‌ను, అంటే మాంత్రికులందరికీ పెద్దను, ఎన్నుకోలేకపోతారు. వాళ్ళలో ఒకాయనకు ‘గాంట్ మీద ఒక స్త్రీ’ అనే మాట స్ఫురిస్తుంది. అంతమంది పండితులు కూర్చుని, ఆ స్త్రీ ఎవరో ఒక మగవాడి దగ్గరికి దారి చూపిస్తుంది కాబోలు అనుకుంటారు గానీ, ఆ స్త్రీయే జవాబు కావచ్చు అన్న ఆలోచన ఒక్కడికీ రాదు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కత్తులూ పిడుగులూ లేకుండా ఒక వ్యవస్థ గుడ్డితనాన్ని ఇంత సూటిగా చూపించిన చోటు ఫాంటసీలో నాకు మరొకటి కనబడలేదు.

ఇక గెడ్ సంగతి. శక్తి పోయిన మనిషి సిగ్గుతో దాక్కోవడం మీకు నచ్చలేదన్నారు. మూడో పుస్తకం చివర వాడు ప్రపంచాన్ని కాపాడి, డ్రాగన్ వీపు మీద ఎగిరిపోతాడు, మనం చప్పట్లు కొడతాం. తర్వాత? చిన్నప్పటినుంచీ నేను మాంత్రికుణ్ణి అనుకున్న మనిషికి అదొక్కటీ తీసేస్తే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. గెడ్ గిన్నెలు కడగడం చూసి నాకు జాలి కలగలేదు, వాడి మీద గౌరవం పెరిగింది.

నా సలహా ఒకటే, దీన్ని మూడో పుస్తకం తర్వాతి భాగంగా చదవకండి. టూంబ్స్ ఆఫ్ ఆటువాన్ మళ్ళీ ఒకసారి చదివి, వెంటనే తెహాను ఎత్తుకోండి. అప్పుడది టెనార్ కథకు రెండో సగం అవుతుంది, ఎక్కడా అతుకు కనిపించదు.

పేజీమడత:

నేను వేరేగా చెప్తాను. తెహానులో అడిగిన ప్రశ్నలు మంచివే, నల్లసిరా గారు చెప్పినవాటిలో ఒక్కటీ కాదనను. కానీ ప్రశ్న మంచిదైతే నవల మంచిదైపోదు. మొదటి మూడింటిలో ఆవిడ ఏదీ విడమర్చి చెప్పదు. నీడ అంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, గెడ్, వాడి స్నేహితుడు వెట్చ్ ఇద్దరూ పడవెక్కి భూమి అంచుదాకా వెళ్తే మనకే అర్థమవుతుంది. తెహానులో మాత్రం టెనార్, ఊరి మంత్రగత్తె మాస్ కూర్చుని మగవాళ్ళ శక్తి ఏమిటి, ఆడవాళ్ళ శక్తి ఏమిటి అని మాట్లాడుకుంటూనే ఉంటారు. అక్కడ పాత్రలు పక్కకి జరిగి రచయిత్రి గొంతు వినిపిస్తుంది. చెడ్డవాళ్ళు కూడా మరీ చెడ్డవాళ్ళు, ఆస్పెన్ అనే మాంత్రికుడికి ద్వేషం తప్ప లోపల ఇంకేమీ లేదు. ఆవిడే రాసిన కోసిల్‌ను తలుచుకోండి, టూంబ్స్‌లో ఆ పూజారిణి ఎంత క్రూరురాలైనా ఆ భక్తి వెనక ఉన్న శూన్యం మనకు తెలుస్తుంది, భయపడుతూనే అర్థం చేసుకుంటాం. ఆస్పెన్‌తో ఆ పని జరగలేదు. ముగింపు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను గానీ, అంత నెమ్మదిగా నడిచిన కథ చివరి పది పేజీల్లో ఒక్కసారిగా పరుగెత్తుతుంది.

సైన్స్ ఫిక్షన్‌కీ ఫాంటసీకీ ఇచ్చే నెబ్యులా అవార్డు వచ్చిన నవల అది, ఆ సంగతి తెలుసు. అయినా నా అభిప్రాయం ఇదే. మొదటి మూడూ తమంతట తాము నిండుగా ఉన్న పుస్తకాలు, అక్కడ ఆగిపోయినా మీరు పోగొట్టుకునేది లేదు. ముఖ్యంగా ఫార్దెస్ట్ షోర్! మీరు సాగదీసినట్టుందన్నారు గానీ, మరణం అంటే ఏమిటని ఒక కుర్రవాడికి అబద్ధం చెప్పకుండా చెప్పిన పుస్తకం అది. చావు లేకపోతే బతుక్కి విలువే ఉండదని గెడ్ ఆరెన్‌కు చెప్పే మాటలు, చావంటే భయపడినవాళ్ళు ఒక్కొక్కరే పాటలు మర్చిపోవడం, రంగులద్దే చేతివిద్య మర్చిపోవడం, నిజం పేర్లు మర్చిపోవడం... ఆ నిస్తేజం పాఠకుడికి కూడా పట్టుకోవాలనే ఆవిడ ఆ ప్రయాణాన్ని అలా నడిపింది అనుకుంటాను. 1973లో పిల్లల పుస్తకాల విభాగంలో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు దానికి, ఇచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టాలి.

వానకోయిల:

నేను ఇంటర్ చదువుతున్నాను, మీ అందరికంటే చిన్నదాన్నే అనుకుంటా. మా వయసువాళ్ళ కోసమే రాసిన పుస్తకాలు కదా, అందుకని నేనూ చెప్తున్నా.

మా క్లాసులో ఫాంటసీ చదివేవాళ్ళం నలుగురం ఉన్నాం. ఎర్త్‌సీ మొదటి పుస్తకం ఇద్దరు మధ్యలో వదిలేశారు. ఎందుకంటే సంభాషణలు తక్కువ, ఎవరో పెద్దాయన పాత చరిత్ర చెప్తున్నట్టు ఉంటుంది, ఇప్పుడొచ్చే పుస్తకాల్లో హీరోయినే నేను నేను అని చెప్పుకుంటూ పోతుంది కదా, దానికి అలవాటు పడ్డవాళ్ళకి దూరంగా అనిపిస్తుంది. ప్రేమకథ కూడా లేదు. నాకు మాత్రం ఆ దూరమే నచ్చింది. రచయిత్రి మనల్ని బలవంతంగా ఏడిపించదు. ఓటక్ చచ్చిపోయే చోట, అదే గెడ్ జేబులో తిరిగే చిన్న జంతువు, రెండు మూడు వాక్యాలే ఉంటాయి, నేను మాత్రం చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఇంకో సంగతి. ఆ పుస్తకంలో యుద్ధం లేదు, చంపాల్సిన దుష్టచక్రవర్తి లేడు. అసలు శత్రువు ఎవరో తెలిసినప్పుడు నేను పుస్తకం మూసేసి మళ్ళీ తెరిచి ఆ పేజీ చదివాను. పరీక్షల టెన్షన్‌లో నామీద నాకే అసహ్యం వేసే రోజుల్లో చదివాను అది. పారిపోతే నీడకు బలం పెరుగుతుంది, వెనక్కి తిరిగి నువ్వే దాన్ని వెంటాడు అని గురువు ఓజియన్ గెడ్‌తో చెప్పే చోటు ఉంది కదా, కౌన్సెలింగ్ క్లాసులో ఎవరూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

కానీ నల్లసిరా గారు అన్నది నిజం, మొదటి పుస్తకం చదువుతున్నంతసేపూ అమ్మాయిలు ఎక్కడా అని వెతుక్కున్నాను. సెరెట్ ఉంది, ఆవిడ మోసం చేసే అందగత్తె. వెట్చ్ చెల్లెలు యారో బాగుంటుంది, తెలివైన ప్రశ్నలు అడుగుతుంది, ఇంటి దగ్గరే ఉండిపోతుంది. టూంబ్స్ దొరికాక గానీ నాకు తృప్తి కలగలేదు. తెహాను ఇంకా చదవలేదు, మీ చర్చ చూశాక చదవాలని ఉంది.

గాలిపటం:

అందరికీ చాలా థాంక్స్. వానకోయిల, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నల్లసిరా గారు, ‘గాంట్ మీద ఒక స్త్రీ’ సంగతి విన్నాక మళ్ళీ మొదలుపెట్టాలనే అనిపిస్తోంది. మీరు చెప్పినట్టు టూంబ్స్ నుంచే వస్తాను. పేజీమడత గారు, మీ అభ్యంతరం కూడా గుర్తుపెట్టుకుని చదువుతాను.

ఇంకో ప్రశ్న మిగిలింది. మా అక్క కూతురికి పన్నెండేళ్ళు, బాగా చదువుతుంది, డ్రాగన్లంటే పిచ్చి. దానికి ఈ పుస్తకాలు ఇవ్వచ్చా?

ఒంటరితెప్ప:

మొదటి మూడూ నిశ్చింతగా ఇవ్వండి. తెహాను ఇప్పుడే వద్దు. థెర్రును కన్నవాళ్ళూ, వాళ్ళతో తిరిగిన మనుషులూ ఏం చేశారన్నది ఆవిడ వివరంగా రాయదు గానీ దాచిపెట్టదు కూడా, చదివిన పిల్లలకు అర్థమవుతుంది. అది కాస్త పెద్దయ్యాక, పక్కన మాట్లాడేవాళ్ళు ఉన్నప్పుడు చదవాల్సిన పుస్తకం. డ్రాగన్ల కోసమైతే మొదటి పుస్తకంలో పెండార్ డ్రాగన్ ఘట్టం ఒక్కటే చాలు. గెడ్ దాని పేరు తెలుసుకుని దాన్ని కట్టడి చేస్తాడు, అది వాడికి ఆశ చూపిస్తుంది, నీ నీడ పేరు నేను చెప్తాను అంటుంది. తన కోసం ఆ పేరు అడగాలా, ఊరివాళ్ళ ప్రాణాలు అడగాలా అన్న చోట పన్నెండేళ్ళ పిల్ల తప్పకుండా ఊపిరి బిగపట్టి కూర్చుంటుంది.

ఇచ్చేటప్పుడు పుస్తకం అట్ట ఒకసారి చూడండి. ఎందుకంటే ఎర్త్‌సీ దీవుల్లో ఎక్కువమంది రాగి రంగు, గోధుమ రంగు, నలుపు చర్మం ఉన్నవాళ్ళు. గెడ్ ఎర్రటి గోధుమ రంగు మనిషి, వెట్చ్ బాగా నల్లటివాడు, దాడికి వచ్చే కార్గ్ జాతివాళ్ళు తెల్లవాళ్ళు. 1968లో ఇంగ్లిష్ ఫాంటసీలో ఇలా రాయడం పెద్ద విషయం, అదీ ఎక్కడా నొక్కి చెప్పకుండా, కథ మధ్యలో మామూలుగా చెప్పుకుంటూ పోతుంది. అయినా చాలా ఏళ్ళపాటు అట్టల మీద గెడ్‌ను తెల్లగానే వేశారు. 2004లో వచ్చిన టీవీ సిరీస్‌లో కూడా గెడ్ వేషం తెల్లనటుడికే ఇచ్చారు, ఆవిడ ఊరుకోకుండా వ్యాసం రాసి నిలదీసింది. నాకు తెలిసి చార్లెస్ వెస్ బొమ్మలు వేసిన సంపుటి, 2018లో వచ్చింది, ఆవిడ కోరుకున్నట్టు ఉంది. ఆ బొమ్మల కోసం ఇద్దరూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకుంటూ పనిచేశారు. పుస్తకం బయటికొచ్చేసరికి ఆవిడ లేదు, అదే ఏడాది జనవరిలో పోయింది. అయితే ఆ సంపుటిలో అన్ని నవలలూ కలిపి ఉంటాయి, తెహానుతో సహా, కాబట్టి పిల్లకు విడి పుస్తకాలే మేలు.

ఇంకో మాట, ఎర్త్‌సీ దగ్గరే ఆగకండి. ‘గిఫ్ట్స్’, ‘వాయిసెస్’, ‘పవర్స్’ అని ఆవిడ చివరి రోజుల్లో కుర్రవయసు పాఠకుల కోసమే రాసిన మూడు నవలలున్నాయి, 2004 నుంచి 2007 మధ్య వచ్చాయి. ఎందుకో వీటి గురించి ఎవరూ మాట్లాడుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. గిఫ్ట్స్‌లో ఓరెక్ అనే పిల్లవాడికి చూపుతో దేన్నయినా నాశనం చేసే శక్తి ఉందేమోనని కళ్ళకు గంతలు కడతారు. వాడి స్నేహితురాలు గ్రై జంతువుల్ని పిలవగలదు, కానీ వేటగాళ్ళ కోసం పిలవనంటుంది, చంపించడానికి నా విద్య వాడను అని తల్లికే ఎదురు చెప్తుంది. వాయిసెస్‌లో రాతను దెయ్యాల పనిగా భావించే సైన్యం ఒక నగరాన్ని ఆక్రమించి పుస్తకాలన్నీ నీళ్ళలో ముంచేస్తుంది, ఒక్క ఇంట్లో మాత్రం రహస్య గది మిగులుతుంది, మేమర్ అనే అమ్మాయి ఆ గదిలో దొంగతనంగా చదవడం నేర్చుకుంటుంది. మీ అక్క కూతురు బాగా చదివే పిల్ల అన్నారు కదా, రెండు మూడేళ్ళాగి దాని చేతికి వాయిసెస్ ఇవ్వండి. ఆక్రమణ అన్నాక హింస ఉంటుంది, అందుకే ఆగమంటున్నాను.

నల్లసిరా:

వాయిసెస్ విషయంలో నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. మూడోది పవర్స్‌కి నెబ్యులా వచ్చింది గానీ, నా ఓటు వాయిసెస్‌కే.

పేజీమడత గారూ, ఆస్పెన్ పాత్ర పలచగా ఉందన్న మాట కొట్టిపారేయలేను. కానీ టెనార్, మాస్ మాటల గురించి మీతో ఏకీభవించను. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు గానీ తేల్చెయ్యడం లేదు కదా. ఆడదాని శక్తికి వేళ్ళు చీకట్లో ఉంటాయి అని మాస్ గొప్పగా చెప్తే, టెనార్ దాన్ని నెత్తిన పెట్టుకోదు, తను చిన్నతనమంతా చీకట్లోనే గడిపిన మనిషి, అక్కడ ఉండాలని లేదంటుంది. రచయిత్రి గొంతు ఎవరిదో చెప్పండి ఆ ఇద్దరిలో? రెండు నమ్మకాలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం అది. స్పార్క్ ఇంటికొచ్చినప్పుడు చూడండి, తిన్న గిన్నె కడగడం ఆడవాళ్ళ పని అంటాడు వాడు, ఒక్క ముక్క. కొడుకును పెంచడంలో ఎక్కడ పొరపాటు జరిగిందా అని టెనార్ లోపల్లోపల కుమిలిపోతుంది. అక్కడ ఉపన్యాసమేమీ లేదు.

పేజీమడత:

స్పార్క్ ఘట్టం బాగుందని నేనూ అంటాను. ఆ పుస్తకం మొత్తం అలా ఉండాల్సిందన్నదే నా బాధ. సరే, గాలిపటం గారు చదివొచ్చాక ముగింపు గురించి మళ్ళీ మాట్లాడదాం, అక్కడ మీతో గట్టిగా వాదించాలి.

గాలిపటం:

తప్పకుండా వస్తాను. తెహాను అయ్యాక ‘ది అదర్ విండ్’కు నేరుగా వెళ్ళిపోవచ్చా, మధ్యలో కథల సంపుటి తప్పనిసరా?

ఒంటరితెప్ప:

‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ వదలకండి, రెండూ 2001లోనే వచ్చాయి, కథలు ముందు. కనీసం రెండైనా చదవండి. ‘ది ఫైండర్’లో రోక్ విద్యాలయం మొదలైంది ఎవరి చేతుల మీదుగానో తెలుస్తుంది, అక్కడ ఆడవాళ్ళు ఉన్నారు, తర్వాత వాళ్ళను బయటికి నెట్టారు. ఆఖరి కథ ‘డ్రాగన్‌ఫ్లై’లో ఇరియన్ అనే అమ్మాయి ఆ తలుపు తడుతుంది, ఆవిడ ఎవరో తెలియకుండా అదర్ విండ్ మొదలుపెడితే సగం అర్థం కాదు. అదర్ విండ్‌లో చనిపోయిన భార్య రాతిగోడ అవతల నుంచి పిలుస్తున్నట్టు రోజూ కలలు కనే ఆల్డర్ వస్తాడు. విరిగిన కుండలు అతికే మంత్రం తప్ప పెద్ద విద్యలేవీ రానివాడు. మూడో పుస్తకంలో మీరు చూసిన ఆ ఎండిపోయిన చచ్చినవాళ్ళ లోకం అలా ఎందుకుందో, ఆ చిక్కు వాడి కలలతోనే విడిపోతుంది. థెర్రు పెద్దదై అందులో కనిపిస్తుంది.